న్యూయార్క్–లండన్: దూరం ఒకటే, వెళ్లడానికి ఏడు గంటలు, రావడానికి ఎనిమిది ఎందుకు?

ప్రశ్న ఇది: న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి లండన్ హీత్రూకు దూరం ఒక సైట్‌లో 5,540, ఇంకోదాంట్లో 5,555, మరోచోట 2,999 అని ఉంది. టికెట్‌లో చూస్తే వెళ్లేటప్పుడు 7 గంటలు, తిరిగొచ్చేటప్పుడు 8 గంటలు. వీటిలో ఏది నమ్మాలి? లండన్‌లో హైదరాబాద్ ఫ్లైట్ అందుకోవాలంటే మధ్యలో ఎంత టైమ్ పెట్టుకోవాలి?

మూడు అంకెలూ సరైనవే. టైమ్ విషయానికొస్తే, గేటు నుంచి గేటుకు న్యూయార్క్–లండన్ 6 గంటల 45 నిమిషాల నుంచి 7 గంటల 15 నిమిషాలు, లండన్–న్యూయార్క్ 7 గంటల 50 నిమిషాల నుంచి 8 గంటల 20 నిమిషాలు అని లెక్కేసుకోండి. చలికాలంలో గాలి గట్టిగా ఉన్న రోజున ఈ హద్దులు కూడా దాటుతుంది. ఎందుకలా అన్నది తెలిస్తే టికెట్ కొనేటప్పుడు చాలా పొరపాట్లు తప్పించుకోవచ్చు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మొదట దూరం. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నున్నటి బంతి అనుకుని లెక్కేస్తే 5,540 కిలోమీటర్లు వస్తుంది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి, నడుం దగ్గర ఉబ్బి ఉంటుంది. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 కొలతలతో లెక్కేస్తే అదే దూరం 5,555 దగ్గర తేలుతుంది. ఆ 15 కిలోమీటర్లు ఆకాశంలో ఒక్క నిమిషం ప్రయాణం, పట్టించుకోనక్కర్లేదు. 2,999 అనేది నాటికల్ మైళ్లలో చెప్పిన లెక్క. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. పైలట్లు, నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే ఏటీసీ వాళ్లు మాట్లాడుకునేది ఈ మైళ్లలోనే. అమెరికా సైట్లలో కనిపించే 3,451 మాత్రం మామూలు రోడ్డు మైళ్లు. ఈ రెండు రకాల మైళ్లను కలిపేస్తేనే తప్పు జరుగుతుంది: 2,999ని 1.609తో గుణిస్తే 4,825 కిలోమీటర్లు వస్తుంది. ఆ అంకె ఎక్కడైనా కనిపిస్తే అది ఇలా పుట్టిన తప్పే.

ఎవరినీ నమ్మకుండా మీరే చూసుకోవాలంటే ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. జేఎఫ్‌కే ఉన్నది 40.64 ఉత్తర అక్షాంశం, 73.78 పశ్చిమ రేఖాంశం. హీత్రూ 51.47 ఉత్తరం, 0.46 పశ్చిమం. రెండూ పశ్చిమమే కాబట్టి రేఖాంశాల తేడా 73.32. ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్ విలువలు గుణించండి: 0.6513 × 0.7823 = 0.5095. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా కొసైన్‌నూ కలిపి గుణించండి: 0.7588 × 0.6229 × 0.2870 = 0.1357. రెండూ కూడితే 0.6452. దాని విలోమ కొసైన్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹ అని ఉంటుంది) 49.82 డిగ్రీలు. భూమ్మీద ఒక డిగ్రీ అంటే 111.19 కిలోమీటర్లు, కాబట్టి 49.82ని దానితో గుణిస్తే 5,540 వస్తుంది.

ఇక్కడ మూడు చోట్ల జారిపోతారు. ఒకటి, కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉండటం. అప్పుడు వచ్చే అంకెకు అర్థమే ఉండదు. రెండోది, హీత్రూ తూర్పున ఉందనుకుని రేఖాంశాలను కూడేయడం. సున్నా రేఖాంశం పోయే గ్రీనిచ్ లండన్‌లోనే ఉన్నా, హీత్రూ ఆ రేఖకు పడమర వైపు ఉంటుంది. కూడితే దాదాపు 60 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మూడోది అందరూ చేసేది: 40 డిగ్రీల 38 నిమిషాలను 40.38 అని కొట్టేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు, అంటే 38ని 60తో భాగించాలి, అది 0.63. ఆ ఒక్క పొరపాటుతో విమానాశ్రయం పాతిక కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగిపోతుంది.

ఈ 5,540 అనేది మహావృత్తం మీద, అంటే గుండ్రటి భూమి మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిలో కొలిచిన దూరం. గోడ మీద మ్యాపులో రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి గీసిన గీత అడ్డదారిలా కనిపిస్తుంది గానీ, ఒకే దిక్కు పట్టుకుని ఆ గీత వెంట వెళితే దాదాపు 5,760 కిలోమీటర్లు అవుతుంది. పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని న్యూయార్క్ మీద, లండన్ మీద వేళ్లతో నొక్కి బిగించండి. దారం ఉత్తరానికి జరిగి, కెనడాలోని నోవా స్కోషియా, న్యూఫౌండ్‌లాండ్ మీదుగా పోతుంది. విమానం బయల్దేరేటప్పుడు ముక్కు ఈశాన్యంగా 51 డిగ్రీల దిక్కున ఉంటుంది. సముద్రం మధ్యలో 53.7 డిగ్రీల ఉత్తరం దాకా ఎక్కుతుంది. లండన్ చేరేసరికి ఆగ్నేయానికి తిరిగి కిందికి దిగుతూ ఉంటుంది. ఆ దారం న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్‌కు, ఐర్లండ్‌లోని షానన్‌కు 30 కిలోమీటర్ల లోపు దూరంలోనే సాగుతుంది. ఒకప్పుడు విమానాలకు అట్లాంటిక్ ఏకబిగిన దాటే ఇంధనం సరిపోని రోజుల్లో చాలావరకు ఈ రెండు చోట్ల ఆగి నింపుకునేవి. ఆ ఊళ్ల పేర్లు ఇంకా విమానయానంలో అందరి నోళ్లలో నానడానికి కారణం దారం చూపించిన ఆ దారే.

న్యూజెర్సీలోని ఎడిసన్, ఆ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చాలామంది అక్కడి నూవర్క్ విమానాశ్రయం నుంచి ఎక్కుతారు కదా, దూరం మారుతుందా అని అడుగుతుంటారు. నూవర్క్–హీత్రూ 22 కిలోమీటర్లు ఎక్కువ, అంతే. ఒకటిన్నర నిమిషం. ఏ విమానాశ్రయం అన్నది టికెట్ ధర చూసి, ఇంటి నుంచి కారులో పట్టే టైమ్ చూసి తేల్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం, గాలి. బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి ధ్వని వేగంలో సుమారు 0.85 వంతుతో ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి మైనస్ 56 డిగ్రీల చలిలో ఉంటుంది, అక్కడ ఈ వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లు. అయితే అది గాలితో పోలిస్తే ఉన్న వేగం. నేలతో పోలిస్తే ఎంత అన్నది ఆ గాలి ఎటు కదులుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉత్తర అట్లాంటిక్ మీద ఆ ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతూ ఉంటుంది. ఉత్తరాన చల్లగాలికి, దక్షిణాన వెచ్చగాలికి మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత పెద్దదైతే అది అంత ఉరవడిగా ఉంటుంది. అందుకే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాని జోరు ఎక్కువ, ఎండాకాలంలో నెమ్మదిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. గాలి అసలు లేకపోతే 5,555 కిలోమీటర్లకు 900 వేగంతో 6 గంటల 10 నిమిషాలు. దారి పొడుగునా సగటున 120 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే నేల వేగం 1,020, టైమ్ 5 గంటల 27 నిమిషాలు. అదే గాలి ఎదురైతే వేగం 780, టైమ్ 7 గంటల 7 నిమిషాలు. ఒక్కటి గమనించండి: వెళ్లేటప్పుడు గాలి ఇచ్చింది 43 నిమిషాలు, వచ్చేటప్పుడు తీసుకున్నది 57. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నష్టం ఎప్పుడూ లాభం కన్నా ఎక్కువే. అందుకే గాలి బలంగా ఉన్న కాలంలో రానూ పోనూ మొత్తం టైమ్ కూడా పెరుగుతుంది. సీటు ముందున్న తెర మీద గ్రౌండ్ స్పీడ్ అని ఒక అంకె కనిపిస్తుంది, అది చూస్తూ ఉండండి. జనవరి రాత్రి లండన్ వైపు వెళ్తుంటే అది 1,050 దాటి కనిపించడం మామూలే. తిరుగు దారిలో 800 దగ్గర నిలబడిపోతుంది. రెండుసార్లూ ఇంజన్లు పడే కష్టం ఒక్కటే.

చాలా ట్రావెల్ సైట్లు చేసే తప్పు ఇక్కడే ఉంది. దూరాన్ని గంటకు 500 మైళ్లతో భాగించి, టేకాఫ్, ల్యాండింగ్ కోసం అరగంట కలిపేస్తాయి. 3,451 మైళ్లకు అలా చేస్తే 7 గంటల 24 నిమిషాలు వస్తుంది, అదే అంకెను రెండు దిక్కులకూ చూపిస్తాయి. అది వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ, అంటే రెండింటికీ తప్పే. తూర్పు–పడమరల మధ్య సముద్రం దాటే ఏ ప్రయాణానికీ ఆ లెక్క వాడకండి. ఉత్తర–దక్షిణ ప్రయాణాలకైతే కాస్త దగ్గరగా ఉంటుంది.

గాలి ఎక్కడుందో చూసుకునే రోజూ దారులు వేస్తారు. అట్లాంటిక్ పడమటి సగాన్ని కెనడాలోని గాండర్ కేంద్రం, తూర్పు సగాన్ని షాన్‌విక్ కేంద్రం చూసుకుంటాయి. షానన్, స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్ పేర్లు కలిపితే షాన్‌విక్ అయింది. అమెరికా నుంచి యూరప్‌కు వెళ్లే విమానాలు ఎక్కువగా రాత్రి బయల్దేరతాయి, తిరిగొచ్చేవి పగలు. కాబట్టి రోజుకు రెండు సెట్ల దారులు ప్రకటిస్తారు. పడమరకు వెళ్లేవాటికి ఏ, బీ, సీ అని పై నుంచి మొదలుపెడతారు. తూర్పుకు వెళ్లేవాటికి జెడ్, వై, ఎక్స్ అని చివరి నుంచి. తూర్పుకు వెళ్లే దారులను జెట్ స్ట్రీమ్‌కు దగ్గరగా వేస్తారు. పడమరకు వచ్చేవి దాన్ని తప్పించుకుని ఒక్కోసారి గ్రీన్‌లాండ్ దాకా పైకి వెళ్లిపోతాయి. దూరం వందల కిలోమీటర్లు పెరిగినా ఎదురుగాలి తప్పితే టైమూ, ఇంధనమూ మిగులుతాయి. తెర మీది మ్యాపులో మీ విమానం ఎందుకంత చుట్టూ తిరిగి వెళ్తోందన్న అనుమానం వస్తే సమాధానం ఇదే.

ఇంకో సంగతి, రెండు ఇంజన్ల విమానం ఎక్కడున్నా ఒక ఇంజన్ ఆగిపోతే అనుమతించిన టైమ్‌లోపు చేరగలిగే విమానాశ్రయం ఒకటి అందుబాటులో ఉండాలి. గాండర్, గూస్ బే, ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్, షానన్, అజోర్స్ దీవుల్లోని లాజెస్ ఈ పనికొస్తాయి. వీటిలో ఏదైనా మంచు తుపానులో మూసుకుపోతే ఆ రోజు దారి మళ్లీ మారుతుంది, పది పదిహేను నిమిషాలు తేడా రావచ్చు.

గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి 2020 ఫిబ్రవరి ఒక్కటి చాలు. సియారా తుపాను అట్లాంటిక్ మీద ఉన్న ఆ రోజుల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి జేఎఫ్‌కే నుంచి హీత్రూకు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద లెక్కేస్తే వేగం గంటకు 1,327 కిలోమీటర్ల దాకా పోయింది. ధ్వని వేగాన్ని దాటిందని అప్పట్లో కొందరు రాశారు, అది సరి కాదు. విమానం చుట్టూ ఉన్న గాలి కూడా అటే కదులుతోంది, ఆ గాలితో పోలిస్తే విమానం రోజూ వెళ్లే వేగంతోనే వెళ్లింది. నిజంగా ధ్వనిని దాటింది కాంకార్డ్. 1996 ఫిబ్రవరి 7న అది ఇదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ముగించింది. 2003 అక్టోబరులో కాంకార్డ్ ఆగిపోయాక ఆ టైమ్‌కు దరిదాపుల్లోకి వచ్చిన ప్రయాణికుల విమానం మరొకటి లేదు.

ఇప్పుడు టికెట్ మీద 7 గంటలు ఎందుకుందో చూద్దాం. గాలి సాయంతో గాల్లో ఉండేది ఆరు గంటలే అయినా, టికెట్‌లో రాసేది గేటు నుంచి గేటుకు పట్టే టైమ్. జేఎఫ్‌కేలో సాయంత్రం 6 నుంచి 10 దాకా యూరప్ విమానాలన్నీ ఒకేసారి కదులుతాయి. గేటు వదిలాక రన్‌వే ఎక్కడానికి 25 నుంచి 40 నిమిషాలు పట్టడం మామూలు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ, అక్కడ ఇంకో పావుగంట పోతుంది. లండన్ దగ్గరికొచ్చాక బోవింగ్‌డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్ అనే నాలుగు చోట్ల విమానాలను ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా తిప్పుతూ నిలబెడతారు. వంతు వచ్చినకొద్దీ ఒక్కో మెట్టు కిందికి దించుతారు. రద్దీ టైమ్‌లో అక్కడ పది నుంచి ఇరవై నిమిషాలు తిరగాల్సి వస్తుంది. హీత్రూకు ఉన్నవి రెండే రన్‌వేలు, మామూలుగా ఒకదాని మీద దిగడం, ఇంకోదాని మీద ఎగరడం. రాత్రి 11:30 నుంచి ఉదయం 6 దాకా విమానాల సంఖ్య మీద కట్టడి ఉంది. అందుకే వెనకగాలి తోసి విమానం ముందే వచ్చేసినా ఆ లాభం అంతా మీ చేతికి రాదు. కొన్నిసార్లు న్యూయార్క్‌లోనే కావాలని ఆలస్యంగా వదులుతారు.

ఇవన్నీ ముందే ఊహించి ఎయిర్‌లైన్ కొంత టైమ్ కలిపి టికెట్ మీద రాస్తుంది. అరగంట ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా టైమ్‌కే చేరడం వెనకున్నది ఇదే. కాబట్టి నిజంగా ఎంత పడుతోందో తెలియాలంటే టికెట్ చూడకండి, ఫ్లైట్‌రాడార్24 లాంటి దాంట్లో మీ ఫ్లైట్ నంబరు కొట్టి గత వారం రోజుల అసలు టైమ్‌లు చూడండి. సగటు కాదు, అందులో బాగా ఆలస్యమైన రోజు చూసి ప్లాన్ చేసుకోండి.

గడియారం లెక్కలో కూడా చాలామంది తికమకపడతారు. న్యూయార్క్ లండన్ కన్నా 5 గంటలు వెనక. సాయంత్రం 7:00కు ఎక్కి మర్నాడు ఉదయం 7:00కు దిగితే గడియారంలో 12 గంటలు, అందులో 5 తీసేస్తే ప్రయాణం 7. తిరిగొచ్చేటప్పుడు ఉదయం 11:00కు ఎక్కి మధ్యాహ్నం 2:00కు దిగితే గడియారంలో 3, దానికి 5 కలిపితే 8. ఉదయం 8 ప్రాంతంలో జేఎఫ్‌కే నుంచి బయల్దేరి రాత్రి 8కి లండన్ చేర్చే పగటి విమానాలు కూడా కొన్ని ఉన్నాయి. నిద్ర చెడగొట్టుకోలేని పెద్దవాళ్లకు, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు ఇవి చాలా నయం.

అయితే ఏడాదిలో మూడు నాలుగు వారాల పాటు ఆ తేడా 5 కాదు, 4. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరుపుతారు. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. 2026లో అయితే మార్చి 8 నుంచి 29 దాకా, అక్టోబరు 25 నుంచి నవంబరు 1 దాకా తేడా 4 గంటలే. ఆ రోజుల్లో అదే 7 గంటల ప్రయాణం టికెట్ మీద 11 గంటల తేడాతో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో గడియారం ఎప్పుడూ మారదు కాబట్టి లండన్‌తో తేడా చలికాలంలో 5:30, ఎండాకాలంలో 4:30. ఇంట్లోవాళ్లకు దిగే టైమ్ చెప్పేటప్పుడు ఈ వారాల్లో మరొక్కసారి సరిచూసుకోండి.

హైదరాబాద్ దాకా వెళ్లేవాళ్లకు ఒక మంచి సంగతి. జేఎఫ్‌కే నుంచి శంషాబాద్‌కు నేరుగా మహావృత్తం మీద దాదాపు 12,970 కిలోమీటర్లు. లండన్ మీదుగా అయితే 5,540, 7,750 కలిపి 13,290. అంటే లండన్‌లో ఆగినందుకు అదనంగా పడే దూరం 320 కిలోమీటర్లే. దుబాయ్ మీదుగా అయితే 13,550 దగ్గర వస్తుంది. అయితే లండన్–హైదరాబాద్ సూటి గీత ఉక్రెయిన్ మీదుగా పోతుంది, ఆ గగనతలం 2022 ఫిబ్రవరి నుంచి మూసే ఉంది. కాబట్టి విమానాలు దక్షిణంగా తిరిగి వెళ్తాయి, ఆ రెండో భాగానికి తొమ్మిది గంటలకు పైనే పెట్టుకోండి.

మధ్యలో ఎంత టైమ్ ఉంచుకోవాలన్నదానికి నా సలహా: రెండూ ఒకే టికెట్ మీద, ఒకే టెర్మినల్‌లో అయితే 2 గంటలు చాలు. టెర్మినల్ మారాలంటే బస్సు కూడా ఎక్కాలి, 3 గంటలు ఉంచుకోండి. విడివిడిగా కొన్న టికెట్లయితే లగేజి తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి, 5 గంటలకు తక్కువైతే కొనకండి. వీసా నిబంధనలు కూడా అప్పుడు వేరే, ముందే చూసుకోవాలి. న్యూయార్క్ వైపు తిరిగొచ్చేటప్పుడు అక్కడి నుంచి ఇంకో ఊరికి ఫ్లైట్ ఉంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంకో గంట కలపండి. ఎదురుగాలి పెరిగితే ముందుగా తగ్గేది ఆ మార్జినే.

ఆలస్యానికి పరిహారం అడిగేటప్పుడు కూడా దూరం, టైమ్ రెండూ లెక్కకొస్తాయి. లండన్ నుంచి బయల్దేరే ఏ ఎయిర్‌లైన్ విమానానికైనా, న్యూయార్క్ నుంచి లండన్‌కు వచ్చే బ్రిటన్, యూరప్ ఎయిర్‌లైన్ల విమానాలకూ బ్రిటన్ నిబంధన వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో 4 గంటలకు పైగా ఆలస్యమైతే 520 పౌండ్లు, 3 నుంచి 4 గంటల మధ్య అయితే 260. ఆ దూరాన్ని కొలిచేది మహావృత్తం మీదే, విమానం నిజంగా తిరిగిన దారి మీద కాదు. వాతావరణం వల్ల జరిగిన ఆలస్యానికి డబ్బు రాదు, ఎయిర్‌లైన్ తప్పు అయితేనే వస్తుంది. చేరిన టైమ్ అంటే చక్రాలు రన్‌వేను తాకినప్పుడు కాదు, గేటు దగ్గర ఆగినప్పుడు కూడా కాదు. కనీసం ఒక తలుపు తెరిచి ప్రయాణికులను దిగమన్న క్షణం అని యూరప్ న్యాయస్థానం 2014లో తేల్చింది. యాప్‌లో కనిపించేది చాలాసార్లు చక్రాలు తాకిన టైమ్, దానికీ తలుపు తెరవడానికీ హీత్రూలో పావుగంట తేడా మామూలే. ఆలస్యం 3 గంటల దరిదాపుల్లో ఉన్నప్పుడు తలుపు తెరవగానే ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, టైమ్ అందులో నమోదవుతుంది.